ఏం కుట్టింది?

ఆ ఆదివారం ఉదయం టైంటేబుల్ వేసిన పథకంలో మూడు నిషేధాలున్నాయి. ఫోన్లు వద్దు, ఆఫీసు మాటలు వద్దు, కుట్టుపని వద్దు. మొదటి రెండూ తనకోసం పెట్టుకున్నవి, కాబట్టి వాటిని ఎలా తప్పించుకోవాలో అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. మూడోది భార్యకి. అది మాత్రం కచ్చితంగా అమలు కావాలన్నాడు.

టైంటేబుల్ ఆయన పేరు కాదు. బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో తేల్చే కుర్చీలో కూర్చుని కూర్చుని జుట్టు నెరిసింది గనక డిపో అంతా అలా పిలుస్తుంది. పళ్లు తోముకోవడానికి కూడా వేళ చూసుకునే మనిషి. ఆయన భార్యను వీధి వీధంతా టైలరమ్మ అంటుంది. ముందుగదిలో మిషను పెట్టుకుని జనం చొక్కాలకు కాలర్లు తిప్పుతుంది, పిల్లలు పొడుగైతే గౌన్ల మడతలు విప్పుతుంది, లావైనవాళ్లకు నడుము వదులు చేస్తుంది, ఎందుకు లావయ్యారని అడగదు. ఇది పని. ఇందులో వాదించడానికేం లేదు. కానీ టైంటేబుల్ దృష్టిలో డిపోలో కుర్చీ అరగదీయడం ఉద్యోగం, ఇంట్లో సూది అరగదీయడం కాలక్షేపం. ఇలా అనుకునే మగవాళ్లకు లోకంలో కరువు లేదు గనక ఆయన్ని ఒక్కణ్ణీ తిట్టి లాభం లేదు.

"అక్కడికొచ్చి కూడా ఆ పేలికలు ముందేసుకుని కూర్చోకు. చెరువు చూడు, చెట్లు చూడు. మనిషన్నాక విశ్రాంతి ఉండాలి," అన్నాడు సంచీల తాళ్లు బిగిస్తూ.

"ఎవరికి?" అంది టైలరమ్మ.

"నీకే. వంట ఎలాగూ తప్పదనుకో. అది కాక మిగతా టైమంతా విశ్రాంతే."

టైలరమ్మ ఇంకేం మాట్లాడలేదు. టైంటేబుల్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన నేర్చుకోని విషయం ఒకటుంది: ఆవిడ ఊరుకుందంటే 'సరే' అని కాదు, 'విన్నాను' అని. ఆవిడ లోపలికి వెళ్లి, పెద్ద దిండు గలీబులోంచి దూదిదిండు తీసి మంచం కిందకు తోసింది. దాని బదులు సగం కుట్టిన బొంత ఒకటి మడతపెట్టి గలీబులో కుక్కింది. బొంత సందున కత్తెర, దారపుండలు, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా దూర్చింది. గలీబు మూతి ముడేసి ఆ దిండును తెచ్చి మొగుడి చేతికే ఇచ్చింది.

"ఇదేంటి ఇంత బరువుంది?"

"దూది చెమ్మగిల్లింది."

"అక్కడ ఎండలో పెట్టు," అని పథకంలో దానికీ ఓ వేళ కేటాయించాడు.

వాళ్లతో వస్తున్న మూడో మనిషి వదిన, అంటే టైంటేబుల్ అన్నగారి భార్య. అన్నగారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు చెరువు గట్టున వేయబోయే గుడారం ఆయనదే. ప్రతి వేసవిలోనూ అన్నదమ్ములిద్దరూ ఆ గుడారం వేసుకుని అదే చెరువు గట్టున పడుకునేవాళ్లు. చేపలు పట్టేవాళ్లు కాదు, కొండలెక్కేవాళ్లు కాదు, ఊరికే పడుకుని చిన్నప్పటి మేష్టర్లను తిట్టుకునేవాళ్లు. అలాంటిది రెండేళ్ల కింద టైంటేబుల్ ఆ గుడారాన్ని డిపోవాళ్ల పిక్నిక్కి తీసుకెళ్లి, వెనకవైపు చేతెడు చిరుగుతో తెచ్చిచ్చాడు.

"చింపినవాడు కుట్టించి తేవాలి. ఇంట్లో టైలర్ని పెట్టుకుని చిరుగుతో తెచ్చిస్తావా?" అన్నాడు అన్న.

"నీ టెంటే కుళ్లిపోయింది. చెయ్యి తగిలితే పిగిలింది," అన్నాడు తమ్ముడు.

"ఇటివ్వండి బావగారూ, అయిదు నిమిషాల పని," అంది టైలరమ్మ.

"నువ్వు ముట్టుకోవద్దు," అన్నారు అన్నదమ్ములు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజు వాళ్లిద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే. తర్వాత మాట మీద మాట పెరిగి, చేతెడు చిరుగు కాస్తా ఏడాది పొడవు ఎడమైంది. నువ్వు ముందు ఫోన్ చెయ్యి అంటే నువ్వు చెయ్యి అని ఇద్దరూ కూర్చున్నారు. ఈలోగా అన్నగారి గుండె ఆగిపోయింది. దానికి ఏ డిపోలోనూ వేళ రాసిలేదు. టైంటేబుల్ చావింట్లో పనులన్నీ వేళప్రకారం జరిపించాడు. ఏడవడానికి మాత్రం వేళ పెట్టుకోలేదు. ఆ తర్వాత అన్న ప్రస్తావన ఎవరు తెచ్చినా ఒకటే మాట: "చినిగిన టెంటు కోసం తమ్ముణ్ణి వదులుకున్న మనిషి. మరిక మాటలెందుకు."

ఈ మాట ఆయన నోట్లోంచి పోవాలన్నదే వదిన కోరిక. ఇంకేం అడగలేదావిడ. ఒక్కసారి ఆ గుడారంలో పడుకుని, అన్న పేరు మామూలుగా తలుచుకుంటే చాలు. అందుకే భర్త చొక్కాలన్నీ మూటగట్టి టైలరమ్మకిచ్చింది. టైలరమ్మ వాటిని చదరాలుగా కోసి, మొగుడి పాత చొక్కా కూడా ఒకటి దొంగిలించి కోసి, అన్నదీ తమ్ముడిదీ పక్కపక్కన వచ్చేలా బొంత కుడుతోంది. ఆ సాయంత్రానికి పూర్తిచేసి గుడారంలో పరచాలని తోడికోడళ్లిద్దరి ఎత్తు. ముందే చెబితే ఆయన బయల్దేరడు. కనుక రహస్యం.

బస్సెక్కే ముందు వదిన ఒక్కమాట అంది. "టెంటు ఓసారి విప్పి చూసుకోరాదూ మరిదీ?"

"చూసేదేముంది వదినా. చిరుగు నాకు తెలీందా? వెనకవైపు ఉందిగా. ఆ వైపు బండకి తిప్పి వేస్తాను. దాని మొహం నేను చూడను, నా మొహం అది చూడదు."

నాలుగో నంబరు బస్సు చెరువు మలుపుదాకా వెళ్తుంది. దారిలో టైంటేబుల్ దిండు మీద చెంప ఆనించి కునికాడు, వెంటనే ఉలిక్కిపడి లేచాడు.

"ఏదో గుచ్చుకుంది."

"ఈక అయ్యుంటుంది," అంది టైలరమ్మ.

"దూదిదిండులో ఈకలేంటి?"

"ఈ రోజుల్లో దూదిలో ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు." వదిన కిటికీ వైపు తిరిగి దగ్గింది.

చెరువును వర్ణించనక్కర్లేదు, చెరువులాగే ఉంది. గట్టున ఇంకో గుడారం వేసి ఉంది. అందులో బట్టతల డాక్టరొకాయన సెలవు గడుపుతున్నాడు. ఆవలగా కాపలా మనిషి గది. అతనికి ఖాకీ చొక్కా, మెడలో ఈల ఉన్నాయి. ఈల ఊదే సందర్భం రాక చాలాకాలంగా దిగులుగా ఉన్నాడు. టైంటేబుల్ తను చెప్పినట్టే గుడారం వెనకవైపును బండకి తిప్పి, తల పక్కకి పెట్టుకుని, తడుముకుంటూ మేకులు దిగ్గొట్టాడు. తర్వాత ఆడవాళ్లిద్దరినీ విశ్రాంతి తీసుకొమ్మని ఆజ్ఞాపించి పుల్లలు ఏరడానికి వెళ్లాడు.

ఆయన వీపు కనుమరుగవగానే దిండు ముడి విడిపోయింది. టైలరమ్మ గుడారంలో నేలమీద బొంత పరుచుకుని కూర్చుంది. వదిన బయట గుమ్మం దగ్గర కూర్చుని సూదులకు దారమెక్కించి అందిస్తోంది. గుడ్డగోడకి అటూ ఇటూ కబుర్లు. లోపల వెలుతురు తక్కువ, బొంత మందం, సూది పెద్దది, కబుర్లేమో బాగున్నాయి. ఇలాంటప్పుడే చెయ్యి తనపాటికి తాను పోతుంది.

"అక్కా."

"ఊఁ."

"చిన్న పొరపాటు జరిగింది."

"సూది విరిగిందా?"

"సూది లక్షణంగా ఉంది. నేనే లేవలేకపోతున్నా. బొంతతోపాటు నా గౌను కుట్టేశా. గౌనుతోపాటు టెంటు అడుగుగుడ్డ కూడా పట్టేసింది."

వదిన తల లోపలికి పెట్టి చూసింది. ఊళ్లో సగం బట్టలు కుట్టే మనిషి తనను తాను నేలకి కుట్టుకుని, చందాకి వచ్చినవాళ్లని చూసినట్టు చూస్తోంది. వదినకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. ఏడాదిగా లోపల పేరుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. పొట్ట పట్టుకుని, నేలమీద చెయ్యి చరుస్తూ, ఊపిరందక కూతలాంటి శబ్దం చేస్తూ నవ్వింది.

దూరాన పుల్లలేరుతున్న టైంటేబుల్‌కి ఆ శబ్దం వినిపించింది. ఏడాదిగా ఆ గొంతులో ఏడుపు తప్ప ఇంకోటి విని ఎరగడు. అందుకని నవ్వును కూడా ఏడుపే అనుకున్నాడు. పుల్లలతోపాటు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది వదినా, ఏమైంది?"

వదిన కళ్లు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక, ఉన్నమాట నోరుజారింది. "ఏం లేదు... చెల్లి... కుట్టింది."

ఇక్కడ మన వ్యాకరణం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మగవాడు కుడితే 'కుట్టాడు' అంటాం. ఆడది కుడితే 'కుట్టింది' అంటాం. తేలు కుట్టినా 'కుట్టింది' అనే అంటాం. ఆడదాన్నీ తేలునూ ఒకే గాటన కట్టి, మగవాడికి మాత్రం విడిగా కుర్చీ వేశారు. ఈ ఏర్పాటు చేసిన పెద్దమనిషికి ఇంట్లో అన్నం పెట్టింది తేలు కాదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ఇన్ని తరాలుగా ఈ అన్యాయాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు చెరువు గట్టున అది తన లెక్క తను తేల్చుకుంది.

"కుట్టిందా? ఏం కుట్టింది?" అన్నాడు టైంటేబుల్.

బొంత, అని నోటిదాకా వచ్చింది వదినకు. అంతలో ఆయన మొహం చూసింది. చంకలోని పుల్లలు జారి కాళ్లమీద పడుతున్నా గమనించని మనిషి అడిగింది కుట్టుపని గురించి కాదని తెలిసిపోయింది. బొంత రహస్యం దక్కాలంటే ఇదే దారి.

"ఏదో... పురుగు," అంది. జన్మలో అబద్ధమాడి ఎరగని ఆవిడ మొదటి అబద్ధం అది. పెద్దదాంతోనే మొదలుపెట్టింది.

మొగుడి గొంతు విని లోపల టైలరమ్మ కంగారుపడింది. బొంత కొసను గుమ్మంవైపు కుప్పగా తోసి, చెయ్యి చాపి తలుపు జిప్పు బర్రున లాగింది. జిప్పు సగం దూరం దిగి బొంతను కరిచి పట్టుకుంది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు. బయట టైంటేబుల్ జిప్పు లాగుతున్నాడు, లోపల టైలరమ్మ తెరవనివ్వకుండా పట్టుకుంది.

"చెయ్యి పట్టేసింది కాబోలు, తలుపు కూడా తీయలేకపోతోంది," అని ఆయన కేక పెట్టాడు.

కాపలా మనిషికి జీవితంలో వెలుగొచ్చింది. ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఆ ఈలకు బట్టతల డాక్టరు కూడా చెప్పుల్లేకుండా వచ్చాడు.

"మీరు డాక్టరు గదా, చూడండి," అన్నాడు టైంటేబుల్.

"నేను పళ్ల డాక్టర్నండి."

"ఏదో ఒకటి. డాక్టరే గదా."

కాపలా మనిషి వదిన వైపు తిరిగాడు. "మీరు చూశారా అమ్మా? ఎలా ఉంది?"

వదిన ఒళ్లో చిక్కుగా చుట్టుకున్న దారం, వేళ్ల మధ్య సూది అలాగే ఉన్నాయి. చెయ్యి వెనక్కి దాచుకుంది. అబద్ధం అలవాటు లేనివాళ్లకు కల్పన రాదు, కంటిముందున్నదే చెబుతారు. "సన్నగా ఉంది. మెరుస్తూ. వెనకాల పొడుగాటి తోక. నల్లది."

"ఎంత పొడుగు తోక?"

"మూరెడు ఉంటుంది. ఒక్కోసారి ముడిపడుతుంది."

కాపలా మనిషి ఒకడుగు వెనక్కి వేశాడు. ముడిపడే తోక ఉన్న పురుగును అతను ఆ గట్టున ఎన్నడూ చూడలేదు. గుడ్డగోడ దగ్గర వంగి లోపలికి అరిచాడు. "అమ్మా, ఎక్కడ?"

బయట జరిగే సంగతి టైలరమ్మకు సగమే వినపడుతోంది. వదిన అంతా చెప్పేసి ఉంటుందనీ, దొరికిపోయాననీ అనుకుంది. దొరికాక దాచడమెందుకని ఉన్నదున్నట్టు చెప్పింది. "తొడ కింద. నేలకి పట్టేసింది."

"ఒక్కచోటేనా?"

"మూరెడు పొడుగునా. దగ్గర దగ్గరగా."

పళ్ల డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కదలగలవా అమ్మా?"

"కదిలితే పిగిలిపోతుంది."

"కాలు ఎలా ఉంది?" అని అడిగాడు డాక్టరు, ఏదో ఒకటి అడగాలి గనక.

"తిమ్మిరెక్కింది. ఇంతసేపూ మడిచి కూర్చున్నా గదా."

డాక్టరు టైంటేబుల్ భుజం మీద చెయ్యి వేశాడు. "పళ్ల విషయమైతే ధైర్యం చెప్పేవాణ్ణి," అన్నాడు మెల్లగా.

అంతే, టైంటేబుల్ నడుం దగ్గర రహస్యపు జేబులోంచి నిషేధించిన ఫోన్ తీశాడు. ఆంబులెన్సు ఊరవతల నుంచి రావాలి, దానికి దారి తెలీదు. నాలుగో నంబరు మాత్రం ఆ పాటికి మలుపు దగ్గర ఉండాలి. ఉండి తీరాలి, వేళ వేసింది తనే. కండక్టరుకి ఫోన్ చేశాడు. "బస్సు గట్టుమీదికి తిప్పు. అవును, జనంతో సహా. రూటు సంగతి నేను చూసుకుంటా. ఇక్కడ ఏదో కుట్టింది, ఆస్పత్రికి తీసుకెళ్లాలి." ఉద్యోగ జీవితమంతా ఒక్క బస్సును ఒక్క గజం పక్కకి పోనివ్వని మనిషి ఆ మాట అనేసరికి అవతల కండక్టరు ఫోన్ చెవినుంచి తీసి నంబరు ఓసారి సరిచూసుకున్నాడు.

"మరిదీ, ఓ మాట విను," అంది వదిన. విషయం చేయిదాటిపోయిందని ఆవిడకు అప్పటికి అర్థమైంది. "నేను చెప్పింది... అసలది పురుగు కాదు..."

"పామా?" అన్నాడు కాపలా మనిషి.

ఆ ఒక్క మాటతో టైంటేబుల్‌కి మిగిలిన కాస్త మతీ పోయింది. జిప్పును రెండు చేతులా లాగాడు. పిడి ఊడి చేతిలోకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. వెనకవైపు చిరుగు. రెండేళ్లుగా మనసులో దాచుకుని పెంచుకున్న చిరుగు. అందులోంచి మనిషి దూరొచ్చు. కూరగాయల కత్తి అందుకుని, బండకీ గుడారానికీ మధ్య సందులోకి దూరాడు. తడిమాడు. చిరుగు ఉండాల్సిన చోట గుడ్డ బిగుతుగా ఉంది. ఆకుపచ్చ గుడ్డమీద ఎర్రదారం, కోడి గీరినట్టు అడ్డదిడ్డంగా, కానీ గట్టిగా.

"ఏ చేతకాని వెధవ కుట్టాడు దీన్ని," అని పళ్లు నూరాడు.

వదిన సందు మొదటికి పరుగెత్తింది. "అది కొయ్యకు మరిదీ. నీకు పుణ్యముంటుంది. దాన్ని మాత్రం కొయ్యకు."

"టెంటు పోతే పోయింది వదినా. టెంటు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

రెండేళ్ల కింద అనాల్సిన మాట అది. అన్నవాడికి అది తెలీలేదు, విన్నవాళ్లలో ఒకావిడకు తెలిసింది. ఆవిడ కళ్లు మూసుకుంది. కత్తి పైనుంచి కిందికి దిగింది. ఒక్కో కుట్టూ టప్ టప్‌మని తెగింది.

ఆయన తల లోపలికి పెట్టాడు. టైలరమ్మ నిక్షేపంగా కూర్చుని ఉంది. నోట్లో దారం, వేలికి అంగుస్తానా, చుట్టూ రంగురంగుల చదరాల బొంత. కాస్త సిగ్గుపడింది.

టైంటేబుల్‌ చిరుగులో సగం లోపలా సగం బయటా ఉండి అలాగే కూలబడ్డాడు. ప్రాణం కుదుటపడ్డాక కోపం వచ్చింది, ఎప్పుడూ ఆ వరసే. "కుట్టుపని వద్దన్నానా లేదా?"

టైలరమ్మ ఆయన జేబులోంచి సగం బయటికొచ్చిన ఫోన్ వైపు చూసింది. ఆయన దాన్ని లోపలికి తోసుకున్నాడు.

కోపానికి ఇంకో చోటు వెతుక్కున్నాడు. "సరే, బొంత కుట్టుకున్నావు, బాగుంది. ఈ చిరుగు జోలికెందుకెళ్లావు? ముట్టుకోవద్దని అప్పుడే చెప్పాం గదా. అదీ ఇంత దరిద్రంగా. ఇదేనా నీ పనితనం?"

టైలరమ్మ తెగిన అంచును దగ్గరికి లాక్కుని చూసింది. "ఇది నా కుట్టు కాదు. నేను ఇంత అసహ్యంగా కుట్టాలని ప్రయత్నించినా కుట్టలేను."

"మరెవరు? ఏ చేతకాని వెధవ?"

"ఆ చేతకాని వెధవే," అంది వదిన. అప్పటికి ఆవిడ కూడా సందులోకి వచ్చి నిలబడింది. వంగి, నేలమీద రాలిన ఎర్రదారం ముక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది. "మీ అన్నయ్య కుట్టాడు."

టైంటేబుల్ తెగిన అంచును వేలితో తడిమాడు.

"వేసవికి ముందు. నువ్వొస్తావని. వంటింటి బల్లమీద పరుచుకుని కుట్టాడు. నా సూదులన్నీ విరిచాడు. ఇటివ్వండి నేను కుడతానంటే ముట్టుకోనివ్వలేదు. వాడు చింపుకొచ్చిన రోజే నోర్మూసుకుని కుట్టేసుంటే సరిపోయేది, అనకూడని మాట అనేశాను, ఇక చేత్తో చెప్పాల్సిందే అన్నాడు." వదిన దారం ముక్కలను అరచేతిలో ఒక్కచోటికి చేర్చింది. "పోనీ ఫోన్ చెయ్యమన్నా. టెంటు వేసేటప్పుడు వాడే చూస్తాడులే, చూసి నవ్వుతాడు అన్నాడు. తర్వాత టైం లేకపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"విప్పి చూడమని పొద్దునే చెప్పా."

దాని మొహం నేను చూడనని తను అన్నమాట ఆయనకు గుర్తొచ్చింది. చూడలేదు. పక్కకి తిరిగి మేకులు కొట్టాడు. చూసుంటే నవ్వేవాడు. అన్న చేతిరాతా అంతే, అన్న చేతికుట్టూ అంతే, పక్క వరసలోకి పోయి మళ్లీ తిరిగొచ్చే రకం. కళ్లముందున్న బొంతలోకి చూశాడు. గళ్ల చొక్కా, చారల చొక్కా, కాలరు మాసిన తెల్ల చొక్కా. అన్నీ అన్నవే. మధ్యమధ్యలో నీలం చదరాలు.

"ఇది నా చొక్కా కదూ. పోయిందన్నావు."

"పోలేదు. కుట్టా," అంది టైలరమ్మ.

ఏడాదిగా వేళ దొరకని ఏడుపు అప్పుడు వచ్చింది. బండకీ చిరుగుకీ మధ్య ఇరుక్కుని, చేతిలో కూరగాయల కత్తితో, వేళాపాళా లేకుండా ఏడ్చాడు. పళ్ల డాక్టరు మర్యాదగా చెరువు వైపు తిరిగాడు. కాపలా మనిషి ఈల నోట్లోంచి తీసేశాడు.

సరిగ్గా అప్పుడే హారన్ మోగించుకుంటూ నాలుగో నంబరు గట్టెక్కింది. కండక్టరు దూకి పరుగెత్తుకొచ్చాడు. అతని వెనకే జనం. చేతిలో కేకు డబ్బాతో ఒకాయన, గొడుగుతో ఒకావిడ, ఇంకా కిటికీల్లో మొహాలు.

"ఎవరికి సార్ కుట్టింది?" అన్నాడు కండక్టరు.

చివరికి వదినే అంది. "ఎవరినీ ఏదీ కుట్టలేదు నాయనా. ఎవరు కుట్టారన్నదే ఇక్కడ తేలాల్సి వచ్చింది."

కండక్టరుకి ఇది అర్థం కాలేదు. కానీ పెద్దాఫీసరు ఏడుస్తున్నాడు గనక తలూపాడు. ప్రయాణికులు మొదట గోలపెట్టారు. తర్వాత చెరువు చూశారు. కేకు డబ్బా ఆయన చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకున్నాడు. గొడుగావిడ ఈ స్టాపు రోజూ పెడితే బాగుండునంది. బస్సు మళ్లీ కదిలేసరికి ఆ రోజు వేళలన్నీ గంగపాలయ్యాయి. వేసినవాడు మాత్రం ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

అందరూ వెళ్లాక టైలరమ్మ కత్తెరతో అడుగుగుడ్డకి పట్టిన దారాలు తెంపి, తన గౌను అంచు కోసుకుని నేలనుంచి విడుదలైంది. జిప్పులోంచి కొస విడిపించి బొంత దులిపింది. తెగిన చిరుగు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి. అయిదు నిమిషాల పని."

"నువ్వు ముట్టుకోవద్దు," అన్నాడు టైంటేబుల్.

ఈసారి ఆ మాటకు ఆవిడ నొచ్చుకోలేదు. సూదికి దారమెక్కించి ఇచ్చింది. అంగుస్తానా ఇవ్వబోతే వద్దన్నాడు, అది ఆయన పొరపాటు. వదిన ఏరిన ముక్కల్లో కాస్త పొడుగున్నది ఒకటి తీసుకుని, ముందుగా దాంతోనే ఒక్క కుట్టు వేశాడు. మిగిలినదానికి కొత్త దారం వాడాల్సి వచ్చింది. అన్నది తిరిగి రాదు. మొత్తం మధ్యాహ్నం కుట్టాడు. అయిదు నిమిషాల పనికి మధ్యాహ్నమంతా పడుతుందని ఏ డిపోలోనూ ఆయనకు నేర్పలేదు. కుట్లు పక్క వరసలోకి పోయాయి, మళ్లీ తిరిగొచ్చాయి. టైలరమ్మ చూడలేక తల తిప్పుకుంది. వదిన తల తిప్పలేదు. "అచ్చం ఆయన కుట్టులాగే ఉంది," అంది.

"లెక్కల మేష్టరు అన్నయ్య చెయ్యి విరగ్గొడతానన్నాడు ఓసారి, గీత తిన్నగా గీయలేడని," అన్నాడు టైంటేబుల్. ఏడాదిలో అన్న గురించి ఆయన అన్న మొదటి మామూలు మాట అది. వినాల్సినవాడు వినలేదు. వదిన విన్నది. సూది గుచ్చుకున్న చోటల్లా పళ్ల డాక్టరు వచ్చి కట్టు కట్టాడు, ఇది తన పరిధిలోకి రాదని ప్రతి వేలికీ ఒకసారి చెబుతూ.

ఆ బొంత గుడారంలో పరిచారు. దాని అంచున గౌను ముక్క ఒకటి అలాగే ఉండిపోయింది, టైలరమ్మ విప్పదీయలేదు.

మర్నాడు డిపోలో, నిన్న దారి తప్పిన బస్సుకు సంజాయిషీ అడగడానికి పిలిపించిన మేనేజరు, ముందు ఆయన చేతులకున్న కట్లు చూసి జాలిపడి అడిగాడు, "ఏంటయ్యా అది, ఏమైనా కుట్టిందా?"

"కుట్టలేదు సార్," అన్నాడు టైంటేబుల్. "కుట్టాను."